ఆట అయ్యేదాకా రాడు

కరెంటు పోయింది. పైన ఫ్యాను పాత ఊపు మీద ఇంకాసేపు తిరిగి ఆగిపోయింది, వంటింట్లో ఫ్రిజ్ ఒళ్ళు జలదరించినట్టు ఒకసారి ఊగి ఊరుకుంది, బల్ల కిందున్న బ్యాటరీ పెట్టె మాత్రం కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది. ఆమె చప్పున తెరకేసి చూసింది. తెర ఆరిపోలేదు, ఆరిపోలేదు, బతికించాడు దేవుడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు అలాగే ఉన్నాయి, వాటి కింద ఆ చిన్న గీత ఆరుతూ వెలుగుతూ తన పని తాను చేసుకుపోతోంది. మాట చెప్పు, అంటోంది ఆటలోని ఆఖరి తలుపు. మూడుసార్లు తప్పితే పట్టుబడతావు, అంటోంది. ఏం మాటని చెప్పేదిరా నా తండ్రీ, అని పైకే అనేసి, పక్కగదిలో అమ్మ విందేమోనని నాలిక కరుచుకుంది. ఆ బ్యాటరీ పెట్టె తమ్ముడు ఎక్కడో తుక్కు సామాను కొట్లో ఏరుకొచ్చినది, గంట లాగితే గొప్పే అక్కా దీని మొహానికి, అని వాడే అన్నాడు. కిటికీలోంచి తొంగిచూస్తే కింద స్తంభానికి నిచ్చెన వేసుకుని కరెంటు మనిషి తాపీగా తీగలు విప్పుతున్నాడు. ఎంతసేపండీ, అని అరిచింది. సాయంత్రం అవుతుందమ్మా, పొద్దున చెప్పి వెళ్ళారు కదా, అన్నాడతను తలెత్తకుండా. చెప్పే ఉంటారు. ఈ గదిలో ఈ కుర్చీకి అతుక్కుపోయినదానికి ఎవరేం చెప్పినా చెవికెక్కితేగా.

ఈ కంప్యూటరు తమ్ముడికంటే వయసులో పెద్దది. పొట్ట ముందుకు పొడుచుకొచ్చిన గాజు తెర, టపటపలాడే కీబోర్డు, ఏదీ దాచుకోలేని బుర్ర. డిస్కు పెట్టి ఆటను ఎక్కించాలి. ఎక్కించాక డిస్కు తీసేసినా కరెంటు ఉన్నంతసేపు ఆట ఉంటుంది, కరెంటు పోతే ఏమీ మిగలదు. డిస్కు వాడు తీసుకుపోయి రోజులవుతోంది. అది వాళ్ళిద్దరి పద్ధతి. ఆఫీసులో ఆమె ఉద్యోగమే ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం, డిస్కు చేతికి దొరికితే లోపల ఏం రాశాడో తిరగేసి జవాబు లాగేస్తుందని వాడి భయం, ఒకసారి లాగేసింది కూడా, వారం రోజులు మాట్లాడలేదు వెధవ. అప్పట్నుంచీ కొత్త ఆట తయారైతే చాలు, ఎక్కించి, డిస్కు తీసుకుని, ఫోను సొరుగులో పడేసి వెళ్ళిపోతాడు. ఫోను దగ్గరుంటే అక్క చేసి జవాబు అడుగుతుందని. ఇంట్లో ఉంటే వాడి మొహం చూసి కనిపెట్టేస్తుందని, ఎందుకంటే వాడి మొహాన ఏదీ దాగదు, ఆమె సరైన తలుపు దగ్గరికి వచ్చిందంటే వాడి చెవులు ఎర్రబడతాయి. ఆట అయ్యేదాకా రాను, అదీ వాడి పట్టుదల. వీధి చివర టీ కొట్లోనో, మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలోనో కూర్చుంటాడు. ఆఖరి తలుపు తెరుచుకోగానే ఆమె కిటికీలోంచి, ఒరేయ్ నత్తగాడా, అయిపోయిందిరా, అని అరవాలి, వాడు ఎక్కడున్నా రెండేసి మెట్లెక్కుతూ పరిగెత్తుకురావాలి. కిందటి ఆటలో ఆమె ఒకచోట చిక్కుబడిపోతే, పాత రేడియోలు బాగుచేసే స్నేహితుడింట్లో రాత్రి పడుకున్నాడు తప్ప లొంగలేదు. ఇదేం పిచ్చే మీకు, అని అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది. అందుకే ఈసారి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇంకో ఇంట్లో అయితే ఎదిగిన పిల్లవాడు రాత్రి రాలేదంటే తెల్లారేసరికి కొంప గగ్గోలెత్తిపోయేది. ఈ ఇంట్లో మాత్రం, అక్క ఇంకా ఆడుతోంది కదా, అయ్యాక వస్తాడులే, అనుకున్నారు. ఇద్దరూ తలొక ముద్ద తిని పడుకున్నారు కూడా.

కీచు. మళ్ళీ కీచు. మధ్యలో ఎంత ఎడం ఇస్తోందో వింటూ కూర్చుంది, ఎడం తగ్గినట్టుందా, లేదు, తన భయమే. ఆలోచించు, ఆలోచించు, ఏడుపు తర్వాత. ఈ ఆటలో ఆడేవాడు ఒక దొంగ, ఇంట్లో కూర్చుని ఫోను తీగ వెంబడి ఊళ్ళోని కంప్యూటర్లలోకి దూరుతాడు, కానీ ఏదీ ఎత్తుకుపోడు, ఉద్యోగులు ఒకరికొకరు రాసుకున్న కబుర్లు చదువుతాడంతే. ఆ కబుర్లలోనే పక్క తలుపు తెరిచే మాట ఎక్కడో నక్కి ఉంటుంది. గ్రంథాలయం, నీళ్ళ ఆఫీసు, వాతావరణం చెప్పే ఆఫీసు, టెలిఫోను ఎక్స్‌ఛేంజి, ఒక్కొక్కటీ ఒక లోకం. నీళ్ళ ఆఫీసు ఇంజనీరు గుమాస్తాకు రాస్తాడు: నీళ్ళు రాలేదని ఫోను చేసినవాళ్ళకు వస్తున్నాయని చెప్పు, వచ్చాయని చేసినవాళ్ళకు మాత్రం చెప్పకు, వాళ్ళు సంతోషిస్తే నాకు అనుమానం. అది చదివి ఆమె మొదటిరోజు పగలబడి నవ్వింది, నవ్వు వాడికి వినబడాలని కిటికీ తెరిచి మరీ నవ్వింది. తెలుగు అక్షరాలు ఈ మెషిన్‌కు రావు, చుక్క పక్కన చుక్క పేర్చి ఒక్కొక్క అక్షరం వాడే తయారుచేశాడు, 'క్ష' దగ్గర రోజుల తరబడి కుస్తీపట్టి, ఇదిగో అక్కా చచ్చీ చెడీ వచ్చింది, అని చూపిస్తే, ఇది క్ష కాదురా కుర్చీలో కూర్చున్న తాతయ్య, అని ఏడిపించింది. ఎవరాడతారు ఇలాంటి ఆట ఇప్పుడు? జనం చేతుల్లో రంగురంగుల బొమ్మలు పరిగెత్తుతుంటే, నల్లతెర మీద పచ్చ అక్షరాలు చదువుకుంటూ ఎవరు కూర్చుంటారు? వాడు సంవత్సరాల తరబడి చేశాడు. మొన్నామధ్య ఎవరో పెద్ద కంపెనీవాళ్ళకు చూపించడానికి మెషిన్ ఆటోలో వేసుకుని వెళ్ళాడు, ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుని వెళ్ళాడు, సాయంత్రం అలాగే ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. ఏమన్నార్రా అంటే, బాగుందన్నారు, అన్నాడు. బాగుందంటే మరేంటి అంటే, బాగుందనే అన్నారక్కా, అని స్నానానికి వెళ్ళిపోయి చాలాసేపటిదాకా నీళ్ళు వదులుతూనే ఉన్నాడు.

ఎన్ని చూసింది, ఏవీ చూడలేదు. ఆ తర్వాత వాడు వంటింట్లో నిలబడి తినేవాడు, కూర్చోరా అంటే ఫర్వాలేదనేవాడు. గడ్డం పెరిగింది, బాగానే ఉందిలే సన్నాసి వేషం, అని నవ్వింది. ప్రాణంగా చూసుకునే, తీగలు అతికించే టంకం కర్రను రేడియో స్నేహితుడికి ఇచ్చేశాడు, ఎందుకిచ్చావురా అంటే, వాడికి పనికొస్తుంది, అన్నాడు. వాడికి పనికొస్తుంది! అంటే నీకు పనికిరాదా, నీకు ఇక ఏమీ అతికించాల్సిన పని లేదా, అని అడగాలి కదా నోరున్న మనిషి, అడగలేదు. ఆఫీసులో ఎవడో రాసిన ప్రోగ్రాములో ఒక చుక్క తప్పితే పట్టేస్తుంది, అందరూ ఆమెను డేగ అంటారు, డేగ కళ్ళు ఇంట్లో ఏం చేస్తున్నాయో. చిన్నప్పుడు వాడు దాక్కుంటే ఆమె క్షణంలో పట్టేసేది, పరుపుల దొంతర వెనకో, బీరువా సందులోనో, వాడి నవ్వు ఆగదు కదా, ఊపిరి బిగబట్టి కూర్చున్నా కిచకిచమని బయటికొచ్చేస్తుంది. ఒక్కసారి మాత్రం పట్టుకోలేకపోయింది. ఇల్లంతా వెతికి వెతికి ఏడుపు మొదలుపెట్టాక బట్టల మూట కిందినుంచి వాడే వచ్చాడు, నువ్వు ఏడుస్తున్నావని వచ్చానక్కా, లేకపోతే రాకపోదును, అన్నాడు. ఇప్పుడూ ఏడుస్తున్నానురా, వినబడటం లేదా, ఎంత గట్టిగా ఏడవాలి?

నిన్న రేడియో స్నేహితుడికి ఫోను చేసింది. మీ ఇంటికొచ్చాడా? రాలేదక్కా, ఏం, మళ్ళీ ఆటా, అని అతను నవ్వాడు. ఆ, ఆటే, అని ఈమె కూడా నవ్వింది. నవ్వడం ఎందుకు? నవ్వితే మామూలే అవుతుందనా? అప్పుడే లేచి వీధిలో పడి ఉంటే సరిపోయేది. లేవలేదు, వచ్చి మళ్ళీ ఈ కుర్చీలోనే కూర్చుంది, ఎందుకంటే ఆఖరి తలుపు తెరిస్తే వాడు వస్తాడు, ఇన్నేళ్ళలో రాకుండా ఎప్పుడూ లేడు. చదువుకున్నదానివి, నలుగురికి బుద్ధి చెప్పేదానివి, ఆట గెలిస్తే మనిషి వస్తాడని ఎలా నమ్ముతున్నావే, అని ఒక గొంతు లోపల అంటూనే ఉంది. ఇంకో గొంతు నోర్ముయ్ అంటోంది. నది మీది వంతెన ఒకటి పదేపదే కళ్ళముందుకు వస్తోంది, ఎందుకొస్తోంది, ఆ వంతెనతో వాడికేం పని, ఛీ ఛీ, పాడు ఆలోచన, దాన్ని వెనక్కి నెట్టేసింది, అది మళ్ళీ వచ్చింది.

అమ్మ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"కరెంటు పోయినా అది వెలుగుతోందేమే?"

"బ్యాటరీ ఉందమ్మా."

"ఎంతవరకు వచ్చావు?"

"ఆఖరిదే. ఇంకొక్క తలుపు."

"నిన్నా ఆఖరిదే అన్నావు కదా పెద్దదానా."

అమ్మ కాసేపు తెరవైపు చూసింది, చదువు రానట్టు కాదు, అమ్మకు చదువొచ్చు, అవతల ఏముందో తెలియని గోడను చూసినట్టు చూసింది. తినకుండా కూర్చుంటే బుర్రేం పనిచేస్తుంది, అని గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికందేచోట పెట్టింది. చూశావా, నాకేం భయం లేదు చూడు, అన్నట్టు గ్లాసు మొత్తం తాగేసింది. అమ్మ వెళ్ళి మళ్ళీ తన మంచం మీద కూర్చున్న చప్పుడు వినిపించింది. పడుకోలేదు, కూర్చుంది. ఇద్దరూ ఇటొకరు అటొకరు గోడకు చెవి ఆనించినట్టే ఉన్నారు, ఎవరూ ఎవరినీ అడగడం లేదు.

కీచు. కీచు. ఈసారి నిజంగానే ఎడం తగ్గింది. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఏముంది? ఆపరేటరు తన చెల్లెలికి రాసిన కబుర్లు. మళ్ళీ చదివింది. నీకు లైను కలిపి నేను వింటూ కూర్చుంటాను, నువ్వు మాట్లాడేది నాతో కాదు, అయినా మన ఇంటి గొంతు విన్నట్టుంటుంది. దీంట్లో ఎక్కడుంది మాట? గొంతు? లైను? చెల్లెలు? ప్రతి తలుపుకూ ఏదో ఒక వంక ఇచ్చేవాడు, ఒక అక్షరం కాస్త పెద్దగా, ఒక వాక్యం కాస్త వంకరగా, వాడి చేతివాటం ఆమెకు తెలుసు. ఇక్కడ ఏ వంకా లేదు, అన్నీ తిన్నగా ఉన్నాయి, ఆపరేటరు కబుర్లు సగంలో ఆగిపోయాయి. ఆగిపోవడమే వంకా? దేన్ని చూసినా ముందు ఏదో ఒక పిచ్చిమాట కొట్టి, అది ఏమంటుందో వినడం ఆమెకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు, ఈ తలుపు దగ్గర మాత్రం ఒక్కసారి కూడా కొట్టలేదు. ధైర్యం చాల్లేదు. మూడుసార్లు తప్పితే పట్టుబడతావు, పట్టుబడితే ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, డిస్కు లేదు, మళ్ళీ ఎక్కించడానికి వాడు లేడు. పొదుపుగా, అతిపొదుపుగా, ఒక్కటీ ఖర్చుపెట్టకుండా కూర్చుంది. వాడి ముద్దుపేరా, వాడు పెంచిన కుక్కపిల్ల పేరా, నాన్న ఎక్కిపోయిన ఓడ పేరా, నాన్న షిప్పులో ఉద్యోగానికి పోయి తిరిగిరాలేదు, వాడికి గుర్తుకూడా లేదు, అయినా పెట్టాడేమో, పెట్టి ఉండడు, పెట్టాడేమో. వాడు వెళ్ళిపోయేముందు ఏమన్నాడు? ఎప్పుడూ ఒకటే అంటాడు, తెరిస్తే కేకెయ్యి. ఈసారి? డిస్కు బయటికొచ్చిన టక్కుమన్న చప్పుడు, సొరుగు మూసిన చప్పుడు, అప్పటికే ఆమె గ్రంథాలయం తలుపు దగ్గర తలమునకలై ఉంది, వెనకనుంచి వాడి గొంతు: నిదానంగా ఆడుకో అక్కా.

నిదానంగా ఆడుకో అక్కా.

కేకెయ్యమనలేదు. ఆ మాట ఇన్నిరోజులుగా చెవిలోనే ఉంది, ఇప్పుడు గానీ వినబడలేదు. కేకెయ్యమనలేదంటే వినే దూరంలో ఉండనని. ఒరేయ్, ఒరేయ్, అంటోంది. బ్యాటరీ పెట్టె ఇక ఎడం లేకుండా ఒకటే పనిగా అరుస్తోంది, తెర అంచులు లోపలికి ముడుచుకుని అక్షరాలు సన్నగా వణుకుతున్నాయి. ఇక ఏ మాట పొదుపుచేసి ఏం లాభం? తమ్ముడి వేళ్ళకు అరిగిపోయిన కీల మీద వేళ్ళు పెట్టి, జవాబని కాదు, ఇంకెవరినీ అడగలేక, ఎక్కడున్నావురా, అని కొట్టింది. ఎంటర్ నొక్కేసింది.

తలుపు తెరుచుకుంది.

ఒక్క క్షణం ఆమెకు అర్థంకాలేదు. తర్వాత కుర్చీ వెనక్కి పడేలా లేచింది, తెరుచుకుంది, అదే మాట, ఎక్కడున్నావురా అనే అడగమన్నాడు, నా బంగారం, నా తండ్రి, అని కిటికీవైపు పరిగెత్తబోయి, ముందు చదవాలి కదా అని వెనక్కొచ్చి తెరకు మొహం ఆనించింది. లోపల గది లేదు. గది గీతలు మాత్రం ఉన్నాయి, నాలుగు గోడలు గీసి వదిలేశాడు, మధ్యలో ఒక వాక్యం, ఆడేవాళ్ళకోసం రాసింది కాదు, తనకోసం తాను రాసుకున్నది, పని పూర్తికాని ప్రతిచోటా వాడు ఇలాగే రాసుకుంటాడు: ఇక్కడ ఏం పెట్టాలో తెలియడం లేదు. అంతే. పూర్తికాని తలుపులకు వాడు తాళం వెయ్యడు, ఏ మాట కొట్టినా తెరుచుకునేలా వదిలేస్తాడు, ఆమెకు తెలుసు, ఎన్నిసార్లో, తాళం మర్చిపోయావురా బడుద్ధాయీ, అని తప్పు పట్టింది కూడా. ఏది కొట్టినా తెరుచుకునేది. మొదటిరోజే తెరుచుకునేది. అ కొట్టినా, ఉత్త చుక్క కొట్టినా, కళ్ళు మూసుకుని చెయ్యి ఆనించినా. లేని మాటకోసం, లేని గదికోసం ఇన్ని రోజులు, ఇన్ని రాత్రులు, వాడు ఒక్కొక్క రోజూ ఇంకా దూరం వెళ్ళిపోతుంటే, ఆమె ఇక్కడ కూర్చుని ఆపరేటరు చెల్లెలికి రాసిన కబుర్లలో వంకలు వెతికింది. వాడు దీన్ని ఆడమని వదిలిపెట్టి వెళ్ళలేదు. పూర్తిచెయ్యలేక వదిలేసి వెళ్ళాడు.

పెట్టె అరుపు ఆగిపోయింది. తెర నడుమ పచ్చటి గీత ఒకటి సన్నబడి, చుక్కై, పోయింది. గదిలో మధ్యాహ్నపు వెలుతురు మిగిలింది, దుమ్ముపట్టిన గాజులో ఆమె మొహం కనబడింది.

"తెరుచుకుందా?" అమ్మ గుమ్మంలో ఉంది.

"తెరుచుకుందమ్మా."

"ఏముంది?"

నీళ్ళు నమలాలనుకుంది, ఇన్నిరోజులు నమిలినట్టే, ఇంకొకటేదో ఉందమ్మా, చిన్నది, అనాలనుకుంది. అమ్మ కళ్ళు చూశాక నోరు రాలేదు. "ఏమీ లేదమ్మా. వాడు ఆట కోసం వెళ్ళలేదు. వాడికేదో అయ్యిందమ్మా."

అమ్మ కూలబడలేదు, గుండెలు బాదుకోలేదు. పిడికిలి విప్పి చూపించింది. లోపల తమ్ముడి ఫోటో, ఉద్యోగాల దరఖాస్తులకని తీయించుకున్న చిన్నది, అరచేతి చెమటకు అంచులు లేచిపోయాయి. "స్టేషన్లో ఫోటో అడుగుతారట. నిన్ననే తీసి పెట్టుకున్నాను."

"నిన్నే తెలిస్తే నన్నెందుకు లేపలేదమ్మా ఈ కుర్చీలోంచి?"

"నువ్వు ఆడుతున్నావు కదే," అంది అమ్మ. "నువ్వు ఆపేస్తే నిజమైపోతుందని."

తాళం వెయ్యాలా వద్దా అని గుమ్మంలో ఒక్కక్షణం ఆగి, వాడు వస్తే ఎలాగని వెయ్యకుండానే ఇద్దరూ బయల్దేరారు. అమ్మ గోడ పట్టుకుని ముందు దిగుతోంది, ఆమె వెనక. సగం మెట్లు దిగాక అమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"ఏ రంగు చొక్కా తొడుక్కుని వెళ్ళాడే? అదీ అడుగుతారు."

ఆమె కళ్ళు మూసుకుంది. టక్కుమన్న చప్పుడు విన్నది, సొరుగు విన్నది, గొంతు విన్నది, చెప్పులు తొడుక్కున్న చప్పుడు కూడా విన్నది. నల్లతెర, దాని మీద పచ్చ అక్షరాలు, ఇంకేమీ కనబడలేదు.

"చూడలేదమ్మా," అంది. "తల తిప్పలేదు."